జెరోనిమాస్ వేసిన ముడి

మా ఊళ్లో ఎల్వీరా పేరెత్తితే ముందు ఆవిడ ముక్కు గురించి చెబుతారు, ఆ తర్వాతే ఆవిడ బీరు గురించి. నేను జీవితమంతా పాల ట్యాంకరు నడిపినవాణ్ని. సాయంత్రం వాళ్ల గేటు ముందు బండి ఆపి, ఆవిడ భర్త జెరోనిమాస్‌తో రెండు మాటలు మాట్లాడుతుంటే, ఆవిడ వంటింటి కిటికీలోంచే గాలి పీల్చి, "బాల్ట్రూస్, ఇవాళ క్లెయోపాస్ ఇంటి దగ్గర ఆగావు. పీపా ఇంకా పొంగుతుండగానే గ్లాసు ముంచి ఇచ్చేశాడు. వాడికెప్పుడూ తొందరే" అనేది. ట్యాంకరు నడిపేవాడికి ఇంతకన్నా గండం ఏముంటుంది? మా ఆవిడ బతికున్నన్నాళ్లూ ఆ ముక్కును బాగా వాడుకుంది.

నవ్వులాటకు చెబుతున్నాను గానీ, ఆ ముక్కు ముందు నాకెప్పుడూ చేతులు కట్టుకుని నిలబడాలనిపించేది. చర్చిలో కూడా నాకంత భక్తి కలగలేదు. ఈ మాట మా ఫాదరు చెవిన పడకపోతే చాలు.

ఎల్వీరా బతుకంతా కల్ఖోజులో, అంటే ఆనాటి ఉమ్మడి పొలంలో, దూడల కొట్టం దగ్గర గడిచింది. పనేవెజిస్ పట్నం దాటి వెళ్లిన మనిషి కాదు. ఏడాదికి నాలుగుసార్లు మాత్రం బీరు కాచేది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని పిండి చేసి, వేడినీళ్లతో ముద్ద కలిపి, రొట్టెల పొయ్యిలో పెట్టి, పైన నల్లగా పెంకు కట్టేదాకా కాల్చేది. ఆ ముద్దను నీళ్లలో విడగొట్టి వడగడితే చిక్కటి పానకం దిగుతుంది. అప్పటికి అది ఇంకా బీరు కాదు. దాన్ని బీరు చేసేది తోడు. పాలకు తోడు వేస్తే పెరుగైనట్టే, పానకానికి పాత బీరు అడుగున మిగిలిన తోడు వేస్తే పొంగి బీరవుతుంది. ఎల్వీరా తోడు ఆవిడ తల్లిది, ఆ తల్లికి వాళ్లమ్మది, అంతకు ముందు ఎవరిదో దేవుడికే తెలియాలి. ఎవరు అడిగినా ఇచ్చేది. తోడుకు డబ్బు పుచ్చుకోకూడదు. తీసుకున్నవాళ్లు కృతజ్ఞతలు చెప్పకూడదు. చెబితే తోడు సిగ్గుపడి పొంగదని వాళ్ల నమ్మకం.

ఆ ఇంట్లో ఇంకో ఆచారం ఉంది. తోడు వేసేటప్పుడు తొట్టి పక్కన ఇద్దరు మనుషులు పోట్లాడుకోవాలి. నిశ్శబ్దంగా వేస్తే బీరు నీరసంగా వస్తుందట. జెరోనిమాస్ చీమ కనిపిస్తే దారిచ్చి పక్కకు తప్పుకునే మనిషి. అలాంటివాడు కూడా ఆ రోజు నడుం మీద చేతులు వేసుకుని, "నీ పులుసు పందులు కూడా ముట్టవే" అని మొదలుపెట్టేవాడు. ఆవిడ వాళ్ల వంశం మొత్తాన్ని దులిపేది. తోడు వేసి మూత పెట్టగానే ఇద్దరూ కూర్చుని ఉడికించిన బఠానీలు తినేవాళ్లు. రెండు శీతాకాలాల కిందట జెరోనిమాస్ పోయాడు. అప్పటి నుంచి ఎల్వీరా పిల్లితో పోట్లాడి తోడు వేస్తోంది. పిల్లి ఎదురు చెప్పదు కదా. బీరు బాగానే వచ్చేది గానీ, నురుగు తొందరగా అణిగిపోయేది. ఆ మాట ఆవిడతో అనే ధైర్యం ఊళ్లో ఎవరికీ లేకపోయింది.

ఇక బావి సంగతి. తోడు సీసాను తాడుతో బావిలోకి దించి, మెడదాకా మునిగేలా ఉంచడం ఆ ఇంటి పద్ధతి. తాడు చివర గిలక దూలానికి ముడి వేసింది జెరోనిమాస్. ఆయన పోయాక ఎల్వీరా సీసాను పైకి లాగేది, దించేది, ఆ ముడిని మాత్రం ముట్టుకునేది కాదు. మొన్నటి వేసవిలో మా వైపు చుక్క వాన పడలేదు. బావిలో నీళ్లు దిగిపోయాయి. సీసా వేసవంతా ఎండుగాలిలో వేలాడింది. రెండు బారల తాడు వదిలితే సరిపోయేది. ముడి విప్పితే గానీ తాడు వదలడం కుదరదు.

శరదృతువు మొదట్లో ఆవిడ సీసా పైకి తీసి మూత విప్పినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక్కసారి వాసన చూసింది.

"చచ్చిపోయింది," అంది. అని బావి గట్టు మీద కూలబడింది. జెరోనిమాస్ శవపేటిక పక్కన నిటారుగా నిలబడ్డ మనిషి. నాకు నోటిదాకా ఒక మాట వచ్చింది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసు. అలాంటి నేను ఆ మాటను మింగేశాను.

వచ్చేది వేలినెస్, పోయినవాళ్లను తలుచుకునే రోజు. సమాధుల మీద దీపాలు పెట్టి వచ్చాక ఊరంతా ఎల్వీరా ఇంట్లో చేరుతుంది. పోయినవాళ్ల పేర్లు చెప్పి మొదటి గ్లాసు నేల మీద వంపి, తర్వాత తాగుతాం. పొట్లం ఈస్ట్ వేసి కాచుకోమని ఎవరో సలహా ఇచ్చారు. "డబ్బిచ్చి ఏడుపు కొనుక్కోమంటావా?" అని ఆవిడ ఒక్క చూపు చూస్తే వాడు మళ్లీ ఆ వీధికి రాలేదు.

మర్నాడు పొద్దున్నే నన్ను పిలిపించింది. వెళ్లేసరికి వంటింటి బల్ల మీద ఆయిల్‌క్లాత్ పరిచి, దాని నిండా బంగాళాదుంపలు పెట్టి ఉన్నాయి. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి.

"ఏంటి వదినా, టిఫినుకు పిలిచావా? పచ్చివే తినమంటావా?"

"కూర్చోవయ్యా. ఇదిగో, ఇది మన ఊరు. ఇవన్నీ నా తోడు వెళ్లిన ఇళ్లు. ఎక్కడో ఒకచోట బతికే ఉంటుంది. వెళ్లి తెచ్చుకుంటాను. నీ బండి కావాలి."

నేను బల్ల మీదికి వంగి చూశాను. ఒక చిన్న సీసాలోంచి బయల్దేరిన తోడు లాత్వియా సరిహద్దు దాకా, ఇటు లేవువ నది దాకా, ఎన్ని వంటిళ్లలో పొంగిందో ఆ దుంపలు చెబుతున్నాయి. ఆ ఇళ్లన్నిటి పాలూ నేనే మోశాను. ఈ దారి ఒకటి ఉందని నాకే తెలియదు.

తర్వాత ఏరివేత మొదలైంది. "ఈయన పోయాడు," అని ఒక దుంప తీసి మరుగుతున్న నీళ్లలో వేసింది. "వీళ్లు బీరు మానేసి వోడ్కాకు దిగారు." ఇంకోటి నీళ్లలో పడింది. "వీడు తోడు తీసుకెళ్లి మళ్లీ మొహం చూపించలేదు." అదీ పడింది. ఒక మూల ముడతలు పడ్డ చిన్న దుంప మిగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు తిప్పింది.

"అదెవరు?"

"మా అక్క, దొమిత్సేలె. కూపిష్కిస్‌లో ఇచ్చారు. మా అమ్మ గడ్డితో జడ అల్లి, దాన్ని బీరు నురుగులో ముంచి ఎండబెట్టి, పెళ్లికి మాకు చెరొకటి ఇచ్చింది. తోడు అందులోనే నిద్రపోయేది. మీ జెరోనిమాస్ సీసా పద్ధతి తెచ్చాక నా జడ ఎటో పోయింది. అక్క పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఇల్లు అమ్మేశారు." దుంప నీళ్లలో పడింది. ఉడికాక దాన్ని నేనే ఉప్పు అద్దుకుని తిన్నాను.

బల్ల మీద రెండు మిగిలాయి. నది ఒడ్డున అపొలోనియా, దారిలో క్లెయోపాస్. అప్పుడు మాకు గొడవైంది. ముందు దగ్గరి ఇల్లు, తర్వాత దూరపు ఇల్లు అన్నాను నేను. బుద్ధున్నవాడెవడైనా అంతే అంటాడు.

"క్లెయోపాస్‌ది మాడిన బీరు. అది తాగాక నాలిక మొద్దుబారిపోతుంది. ముందు అపొలోనియా. ఆమెది పల్చటి బీరు."

"అంటే క్లెయోపాస్ గేటు ముందునుంచే వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి వాడి గేటు ముందే ఆగాలా? పెట్రోలేమన్నా మన బావిలో ఊరుతోందా వదినా?"

"బావి మాట ఎత్తకు," అంది. నేను తల దించుకున్నాను.

"ఇంకో మాట. నువ్వు బండి నడపాలి, కాబట్టి చుక్క ముట్టకూడదు. గిరా తాగు."

"బీరు యాత్రకు తీసుకెళ్లి రొట్టె నీళ్లు తాగమంటావా? పెళ్లికి పిలిచి పస్తుండమన్నట్టుంది!" అని లేచి, బుట్టలోంచి ఒక దుంప తీసి బల్ల మీద ఠక్కున పెట్టాను. "బండి నాది. నాకూ ఒక దుంప కావాలి. నేను పాలు పోసిన డెయిరీ ఉంది చూడు, దాంట్లో ఇప్పుడు ఎవరో పిల్లలు బీరు కాస్తున్నారట. చివర్లో అక్కడ ఆగుదాం."

"స్టీలు బిందెల బీరా?" అని మూతి తిప్పింది. దుంపను మాత్రం నీళ్లలో వేయలేదు.

నా పాత కారులో బయల్దేరిన పొద్దున మంచు దట్టంగా పట్టింది. అది కరిగేసరికి దారికి రెండువైపులా బిర్చిచెట్లు పసుపు పూసుకున్నట్టు నిలబడి ఉన్నాయి. ఎన్నో ఏళ్లు ఆ రోడ్డు మీద తిరిగాను. ఎప్పుడూ గడియారమే చూశాను గానీ చెట్లను చూడలేదు. ఎల్వీరా ఒళ్లో ఉన్ని గుడ్డలు చుట్టిన ఖాళీ సీసాల బుట్ట ఉంది. కిటికీ దించేసి, చలికి ముక్కు ఎర్రబడినా గాలి పీలుస్తూనే ఉంది. ఎక్కడ యాపిల్‌పళ్లు మురుగుతున్నాయో, ఎవరు పొగగదిలో జున్ను పెట్టారో చెబుతుంటే, నేను కళ్లున్న గుడ్డివాడినేమో అనిపించింది.

అపొలోనియా మమ్మల్ని చూసి ఏప్రన్‌తో కుర్చీలు తుడిచింది. పీపాలోంచి గ్లాసు నింపి ఎల్వీరా చేతికిచ్చి, నాకు గిరా పోసింది. ఎల్వీరా ఒక్క గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఆ మొహం చూస్తూ నేను గిరా సంగతే మర్చిపోయాను. చీకట్లో ఇల్లంతా తడుముతూ నడిచే మనిషిలా ఉంది ఆవిడ వాలకం.

"ఇందులో మా అమ్మ ఉంది," అంది చివరికి. "కానీ ముక్కూమొహం వేరేవాళ్లవి."

అపొలోనియా గుండె మీద చెయ్యి వేసుకుంది. "నిజమే అక్కా! ఒక ఏడు నీరసంగా ఉందని పక్కింటివాళ్ల తోడు కలిపాను. ఎవరికీ చెప్పలేదు. నీకెలా తెలిసిందే తల్లీ?"

ఎల్వీరా నవ్వి, ఆమె బుగ్గ నిమిరింది. సీసా మాత్రం బుట్టలోంచి బయటికి తీయలేదు. బండెక్కగానే నేను అందుకున్నాను.

"సగం మీ అమ్మే అన్నావు కదా, చాలదా? తెచ్చుకుని ఉంటే యాత్ర ముగిసేది."

"వేలినెస్ బల్ల దగ్గర సగం అమ్మను కూర్చోబెట్టమంటావా?"

"అసలు అమ్మే లేకపోవడంకన్నా సగం అమ్మ నయమంటాను."

"నువ్వు రోడ్డు చూసి నడుపు."

క్లెయోపాస్ గేటు దగ్గర దిగగానే ఆవిడ ఆగి, గాలి పీల్చి, ఏమీ అనకుండా లోపలికి నడిచింది. వాడు గ్లాసులు కడిగి బోర్లించి, బల్ల మీద నల్లరొట్టె, జున్ను సర్ది ఎదురుచూస్తున్నాడు. ఆవిడ కూర్చుని, నల్లటి బీరు గ్లాసు ఖాళీ చేసి, "బావుంది," అంది. ఇంకోసారి "బావుంది," అంది. క్లెయోపాస్ మొహం ముడుచుకుపోయింది.

"వదినా, రెండుసార్లు బావుందన్నావంటే నీకు నచ్చలేదన్నమాటే. చెప్పేస్తాను. నీ తోడు ఎప్పుడో పోయింది. పొట్లం వేస్తున్నాను."

"గేటు దగ్గరే తెలిసిందయ్యా."

"మరి ఎందుకు తాగావు?"

"గ్లాసు కడిగిపెట్టుకుని కూర్చున్నావు కదా," అంది.

బండిలోకి వచ్చాక ఇంటికి పోదామంది. నన్ను తిట్టలేదు, కిటికీ కూడా దించలేదు. దారిపొడుగునా తిట్టించుకున్నవాడికి ఆ నిశ్శబ్దం ఎంత భయమో చెప్పలేను. "నా దుంప మిగిలి ఉంది," అని మొండికేసి బండిని డెయిరీ వైపు తిప్పాను. ఆవిడకు అడ్డు చెప్పే ఓపిక కూడా లేకపోయింది.

డెయిరీ గుమ్మంలో నాకే కళ్లు తిరిగాయి. నేను పాలు దించిన చోట మనిషికి రెండింతల ఎత్తు స్టీలు ట్యాంకులు మెరుస్తున్నాయి. పుల్లటి పాలవాసన పోయి, బీరులో వేసే చేదుపువ్వుల వాసన నిండి ఉంది. రబ్బరు బూట్లు వేసుకున్న పొట్టిజుట్టు అమ్మాయి ఎదురొచ్చింది. పేరు రుస్నె. బీరు కాచేది తానేనంది. ఎల్వీరాకు చిన్న గ్లాసు ఇచ్చి, తీర్పు కోసం నిలబడింది.

"శుభ్రంగా ఉంది," అంది ఎల్వీరా. "ఆస్పత్రి ఎంత శుభ్రంగా ఉంటుందో అంత."

రుస్నె పడీ పడీ నవ్వింది. "మా ఆయనా ఇదే మాట అన్నాడు బామ్మగారూ. ఆ మాటన్నందుకు వాడిచేత వారం రోజులు ట్యాంకులు కడిగించాను!"

ఎల్వీరా పెదవుల మీదికి నవ్వు రాబోయి ఆగిపోయింది. చూపు రుస్నె భుజం మీదుగా గోడ మీదికి వెళ్లింది. అక్కడ అలంకారానికి పాతసామాను తగిలించారు. చెక్క గరిటెలు, కొడవలి, చిల్లుపడ్డ కుంచం. వాటి మధ్య గోధుమరంగు గడ్డి జడ ఒకటి, కొసన వెలిసిపోయిన ఎర్ర ఉన్నిదారం. ఎల్వీరా గ్లాసు నా చేతిలో పెట్టి గోడ దగ్గరికి నడిచింది.

"ఇదెక్కడిది తల్లీ?"

"కూపిష్కిస్‌లో ఒక పాత ఇల్లు పడగొడుతుంటే అటక మీది సామాను తెచ్చాం. కోతల పండగ జడ అనుకుంటా. బావుందని తగిలించాను."

ఎల్వీరా పసిపిల్ల పిలక పట్టుకున్నంత మెల్లగా ఆ జడ కొస పట్టుకుని ముక్కుకు ఆనించింది.

"అక్కా," అంది.

ఆ దుంపను ఉప్పు అద్దుకుని తిన్నవాణ్ని నేను. దొమిత్సేలె ఇల్లు లేదు, అటక లేదు, ఆ మనిషే లేదు. జడ మాత్రం నా డెయిరీ గోడకు వేలాడుతూ చెల్లెలి కోసం కాచుకుని ఉంది. ఇలాంటిది చూడటానికి ఇన్నేళ్లు బతికి ఉన్నందుకు దేవుడికి అక్కడికక్కడే దండం పెట్టుకున్నాను.

సంగతి వినగానే రుస్నె కుర్చీ ఎక్కి జడను కిందికి దించింది. గడ్డి పోగుల మధ్య బూడిదరంగు పొలుసులు గోటితో తాకి చూసింది. "ఇవి నిద్రపోతూ ఉండొచ్చు బామ్మగారూ. బతికే అవకాశం ఉంది. కానీ తిన్నగా తొట్టిలో వేయకండి, తట్టుకోలేవు. ముందు చిన్న కప్పులో పల్చటి పానకం, గోరువెచ్చగా. లేచాక కొంచెం కొంచెంగా పెంచండి."

"పల్చగానా? మేము చిక్కటిదే వేసేవాళ్లం."

"అప్పుడవి ఏడాదికి నాలుగుసార్లు లేచేవి కదా. ఇప్పుడు జబ్బుపడి లేస్తున్నట్టు."

ఎల్వీరా బుద్ధిగా తలూపింది. తర్వాత కత్తెర అడిగి, జడను మధ్యకు కత్తిరించి, దారం ఉన్న సగాన్ని మళ్లీ రుస్నె చేతిలో పెట్టింది. "ఇది నీ దగ్గర ఉండనీ. నువ్వూ కాచుకో. అంతా నా ఇంట్లోనే పెడితే మళ్లీ చంపేస్తాను." నేను ఆ అమ్మాయికి కృతజ్ఞతలు చెప్పబోయాను. ఎల్వీరా నా కాలు గట్టిగా తొక్కింది.

ఇంటికొచ్చి, గడ్డి ముక్క ఒకటి కప్పులో వేసి పొయ్యి గట్టు మీద పెట్టింది. ఆ రోజు ఏమీ లేదు. మర్నాడూ ఏమీ లేదు. నాకు ఇంట్లో కాలు నిలవక, గోరువెచ్చదనం సరిపోతోందా అనే వంకతో గంటగంటకూ వచ్చేవాణ్ని. ఆవిడ కుర్చీలోంచి లేచేది కాదు. ఆ తర్వాతి మధ్యాహ్నం ఎండ కప్పు మీద పడుతున్నప్పుడు, ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. గడ్డి పక్కన ఆవగింజంత బుడగ పుట్టింది. పగిలింది. అదే చోట ఇంకోటి పుట్టింది. ఎప్పుడో వాళ్లమ్మ చేత్తో నురుగులో ముంచిన గడ్డి నా కళ్లముందు ఊపిరి తీసుకుంటోంది. నేను టోపీ తీసేశాను. ఎందుకు తీశానో నాకే తెలియదు.

రుస్నె చెప్పినట్టే కప్పులోంచి చెంబులోకి, చెంబులోంచి కుండలోకి పెంచింది. తొట్టినిండా పానకం సిద్ధమైంది. కుండ పట్టుకుని తొట్టి పక్కన నిలబడి, నా వైపు తిరిగింది.

"ఊఁ, మొదలుపెట్టు."

"ఏం మొదలుపెట్టను?"

"పోట్లాటయ్యా! దారంతా నన్ను పీక్కుతిన్నావు కదా. ఇప్పుడు తిట్టు."

ఆ బుడగను చూసినప్పటి నుంచి ఆవిడను కన్నెత్తి చూడాలంటేనే భక్తిగా ఉంది. తిట్టడం ఎలా? "నీ పులుసు పందులు కూడా..." అని గొణిగాను.

"అది జెరోనిమాస్ తిట్టు. అరువు తిట్లతో తోడు లేస్తుందా? పానకం చల్లారుతోంది. దద్దమ్మా, నీకంటే పిల్లి నయం!"

దాంతో ఆ రోజు బావి దగ్గర మింగిన మాట పైకి వచ్చేసింది.

"నేను దద్దమ్మనా? బావిలో నీళ్లు దిగిపోతుంటే కళ్లప్పగించి చూసిందెవరు? ఆ ముడి విప్పి రెండు బారలు వదిలి ఉంటే తోడు చచ్చేదా? చంపింది నువ్వే!"

ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు. నా నాలుక కోసుకోవాలనిపించింది.

"విప్పితే," అంది కుండను గుండెకు హత్తుకుని, "విప్పితే ఆయన చేతిపని నాకేం మిగిలేది రా?"

"ఆయన ఆ ముడి వేసింది సీసా మునగడానికా, నువ్వు దండం పెట్టుకోవడానికా? వాడే ఉంటే జూన్‌లోనే విప్పేవాడు! వాడి తాడు కాపాడి వాడి బీరును చంపావు!"

"నోర్ముయ్, పాలు కారే ట్యాంకరు మొహమా!" అని ఒక్క అరుపు అరిచి, కుండలోది మొత్తం తొట్టిలో గుమ్మరించింది. అరుస్తూనే ఏడ్చింది, ఏడుస్తూనే మా తాత దొంగతనాల దాకా వెళ్లింది. నేనూ తగ్గలేదు. గొంతులు పోయాక మూత పెట్టి, ఇద్దరం కూర్చుని బఠానీలు తిన్నాం. పొద్దున వెళ్లి చూస్తే నురుగు మూతను ఎత్తి, తొట్టి అంచు మీదుగా నేలమీదికి కారుతోంది. జెరోనిమాస్ పోయాక ఆ ఇంట్లో అంత నురుగు నేను చూడలేదు.

వేలినెస్ రోజు ఆవిడ మొదటి గ్లాసు నేల మీద వంపి, వాళ్లమ్మ పేరు, దొమిత్సేలె పేరు, జెరోనిమాస్ పేరు చెప్పింది. అపొలోనియా వచ్చింది, క్లెయోపాస్ సిగ్గుపడుతూ ఖాళీ సీసా తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం నేను బండి ఇంట్లోనే వదిలి వచ్చాను. గ్లాసు ఎత్తి ఒక్క గుక్క తాగాను. మాడిన రొట్టె పెంకు, తేనె, ఆ అడుగున ఇంకేదో. దానికి నా దగ్గర పేరు లేదు.

మర్నాడు ఎల్వీరా తోడు నింపిన కొత్త సీసాతో బావి దగ్గర నిలబడి నన్ను కేకేసింది. నీళ్లు ఇంకా కిందే ఉన్నాయి. ఆవిడ ఫోర్కు మొన దూర్చి ముడిని కొంచెం కొంచెం వదులు చేసింది. అది బిగుసుకుపోయి ఉంది, చాలాసేపు పట్టింది. నేను సాయం చేస్తానంటే చెయ్యి విదిలించింది. ముడి విడిపోయింది. తాడు మీద అది ఉన్నచోట తెల్లగా వంకర మచ్చ మిగిలింది. ఆవిడ దాన్ని బొటనవేలితో ఒకసారి నిమిరి, తాడు వదిలింది. సీసా నీళ్లలో మునిగిన చప్పుడు విని, తానే కొత్త ముడి వేసింది.

"వంకరగా ఉంది వదినా," అన్నాను.

"వచ్చే వేసవిలో నీళ్లు దిగుతాయి కదా," అంది. "అప్పుడు నువ్వొచ్చి విప్పు."